బిడ్డనుబట్టి బడి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమును గూర్చి మాటాడునపుడు బీరువాల సంఖ్య, పుస్తకముల సంఖ్య, చందాదారుల సంఖ్య చెప్పుట ఆచారము. ఆ లెక్కలకు కార్యదర్శిగారి నివేదిక యున్నది. ఈ ఉపన్యాసమునకు నిర్ణయింపబడిన విషయము ఆఱేండ్ల బిడ్డ చదువు. గ్రంథాలయమునకును ఆఱేండ్ల బిడ్డకును సంబంధమేమని కొందఱడుగవచ్చును. మఱి ఇరువదియైదేండ్లకు ఈ బల్లలయొద్ద కూర్చుండి చదువవలసినవారు నేడు ఒకటవ తరగతిలో నున్నారు. వారికి అక్షరము ప్రియమైనచో ఈ తలుపులు తెఱచియుండును. అక్షరము భయమైనచో ఎన్ని బీరువాలు చేయించినను అవి చెదలకే ఉపయోగపడును.

‘బాలకేంద్ర విద్య’ యను మాట నేడు ఉపాధ్యాయుల శిక్షణ తరగతులలో తఱచుగా వినబడుచున్నది. మాట క్రొత్తదైనను భావము గ్రామస్థులకు తెలియనిది కాదు. సేద్యగాడు నేలను చూచి విత్తనము వేయును. మెట్టలో వరియు, పల్లములో చోడియు వేసి, పంట రాలేదని నేలను తిట్టువానిని చూచి ఊరివారు నవ్వుదురు. బడిలో మాత్రము పాఠము తలకెక్కనప్పుడు తప్పు పిల్లవానిదే యందురు. పుస్తకమునకు తగినట్లు పిల్లవానిని వంచుట ఒక పద్ధతి. పిల్లవాని వయస్సును, ఇంటిభాషను, ముందే తెలిసిన సంగతులను, నేర్చుకొను వేగమును కనిపెట్టి, దానికి తగినట్లు పాఠమును మలచుట రెండవ పద్ధతి. ఈ రెండవదానికే బాలకేంద్ర విద్య యని పేరు. పిల్లవానిని ఇచ్చవచ్చినట్లు తిరుగనిచ్చుట దీని అర్థము కాదు. ఇందు ఉపాధ్యాయునికి పని తగ్గదు, రెట్టింపగును. నలుబదిమందికి ఒకే మాట చెప్పి కూర్చుండుట సులభము. నలుబదిమందిలో ఎవ్వడెక్కడ ఆగినాడో తెలిసికొనుట కష్టము.

ఇది పశ్చిమదేశములనుండి దిగుమతియైన వింతయని తలంచువారు కలరు. వారు ఛాందోగ్యోపనిషత్తునందలి శ్వేతకేతుని కథను స్మరింపవలెను. అతడు పండ్రెండవయేట గురుకులమునకు పోయి, ఇరువదినాలుగవయేట సకలవేదములు వల్లించి, గర్వముతో ఇల్లు చేరెను. తండ్రియైన ఉద్దాలకుడు అతనికి మఱి యొక గ్రంథమును వల్లె వేయింపలేదు. మఱ్ఱిపండు తెమ్మనెను, పగులగొట్టుమనెను, లోని సూక్ష్మమైన గింజను మరల పగులగొట్టుమనెను, ఏమి కనబడుచున్నదని అడిగెను. ఏమియు కనబడలేదని కుమారుడు చెప్పినపిమ్మట, ఆ కనబడనిదానినుండియే యింత మఱ్ఱిచెట్టు పుట్టినదని బోధించెను. ఇంకొకమాఱు నీటిలో ఉప్పు వేయించి, మఱునాడు ఆ ఉప్పును తీసి యిమ్మనెను. కుమారుడు తీయలేకపోయెను. పైని, నడుమను, అడుగునను రుచి చూడుమని చెప్పి, కానరానిది లేనిది కాదని తెలియజేసెను. చేతితో చేసి, నాలుకతో చూచి, కంటితో పరీక్షించి నేర్చుకొనుట యన్నది ఈనాటి ప్రయోగపాఠమే కదా!

ఆ కథలోనే ఇంకొక ఘట్టము కలదు. ఉద్దాలకుడు కుమారుని పదునైదు దినములు ఉపవసింపజేసి, నీటిని మాత్రము త్రాగనిచ్చి, వేదము చెప్పుమనెను. అతనికి ఒక్క ఋక్కైనను తోచలేదు. భుజించి వచ్చిన పిమ్మట అన్నియు జ్ఞప్తికి వచ్చెను. మనస్సునకు అన్నము ఆధారమని ఆ తండ్రి చూపిన నిదర్శనము అది. 2003 వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక పాఠశాలలలో వండిన మధ్యాహ్న భోజనము పెట్టుట మొదలైనపుడు, బడి సత్రము కాదని పరిహసించినవారికి ఉపనిషత్తే సమాధానము చెప్పుచున్నది. ఆకలిగొన్న బిడ్డకు ఎక్కాలెక్కవు.

పంచతంత్రమునందు అమరశక్తి మహారాజు తన మువ్వురు కుమారులను విష్ణుశర్మకు అప్పగించెను. ఆ పిల్లలు శాస్త్రములు వినలేనివారు. విష్ణుశర్మ వారిని మందబుద్ధులని త్రోసివేయలేదు. వారు వినగల రూపమున నీతిశాస్త్రమును కథలుగా మార్చి, ఆఱునెలలలో వారిని తీర్చిదిద్దెను. భాగవతమందలి ప్రహ్లాదచరిత్రములో గురువులు ఇంటిపనులమీద పోయిన సమయమున తోడిబాలురు ప్రహ్లాదుని చుట్టును చేరి, ఆటవస్తువులను విడిచి, అతడు చెప్పినది విన్నారు. దండించు గురువుల పాఠము నిలువలేదు. తోడివాని మాట నిలిచినది. పిల్లలు పిల్లలయొద్ద నేర్తురను సత్యము ఆ ఘట్టమున స్పష్టముగ నున్నది.

ఇక పురాణములను విడిచి చరిత్రలోనికి వత్తము. మదరాసు రాజధాని గవర్నరైన సర్ థామస్ మన్రో 1822 లో దేశీయ పాఠశాలలను లెక్కింపుమని జిల్లా కలెక్టర్లను ఆజ్ఞాపించెను. 1826 లో ఆయన వ్రాసిన నివేదికలో 12,498 పాఠశాలలును, 1,88,650 మంది విద్యార్థులును లెక్కకు వచ్చిరి. ఆ వీధిబడులలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచుండిరి. పెద్ద తరగతివారు చిన్నవారికి చెప్పుచుండిరి. మదరాసులో సైనికుల అనాథబాలుర శాలకు అధికారియైన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు ఒక దేశీయపాఠశాలలో ఈ ఇసుకవ్రాతను చూచి, తన శాలలో ప్రవేశపెట్టి, పిల్లలచేతనే పిల్లలకు పాఠములు చెప్పించెను. స్వదేశమునకు మరలిన పిమ్మట 1797 లో ఆ సంగతిని లండనులో ప్రకటించెను. ఇంగ్లండులో అది ‘మదరాసు పద్ధతి’యను పేరుతో వ్యాపించెను. ఈ దేశపు వీధి అరుగుమీది యుక్తి సముద్రము దాటినది.

అట్లని వీధిబడిని స్వర్గముగా వర్ణింపరాదు. బళ్లారి కలెక్టరైన క్యాంప్‌బెల్ 1823 లో వ్రాసిన నివేదికలో ఆ జిల్లాయందు 533 పాఠశాలలును, 6,641 మంది విద్యార్థులును ఉన్నట్లు తెలిపెను. వానిలో 226 తెలుగు బడులు. పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించు పద్ధతిని ఆయన మెచ్చుకొనెను. కాని పిల్లలు వల్లించు కావ్యములు వాడుకలో లేని భాషలో నుండుటవలన, అర్థమెఱుగకయే కంఠపాఠము చేయుచున్నారనియు, చెప్పువారికిని పెక్కు తావుల అర్థము తెలియదనియు విచారపడెను. బడికి వచ్చు వరుసనుబట్టి శిక్ష యుండెడిదనియు వ్రాసెను. అందఱికంటె ముందు వచ్చినవాని అరచేతిలో సరస్వతీ నామమును, రెండవవాని చేతిలో సున్నయు వ్రాయుదురు. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు. అటుపై ఒక్కొక్కరికి ఒక్కొక్కటి హెచ్చు. పెద్దలు ‘శ్రీ చుట్ట’ యని చెప్పుకొను ఆచారము ఇదియే. ఆ జిల్లాలో సగటున బడికి పండ్రెండుగురు పిల్లలు. కడపటివానికి పది దెబ్బలు. మొత్తము కూడినచో ప్రతి ఉదయమును, పాఠము మొదలు కాకమునుపే, ఏబదియైదు దెబ్బలు! కోదండము, తొడపాశము, గోడకుర్చీ అటుపిమ్మటివి. ఆ కడపటి బాలుడు ఎందులకు ఆలస్యముగ వచ్చెనో అడిగినవారు లేరు. పశువులను తోలి వచ్చెనేమో, తమ్ముని నెత్తుకొని కూర్చుండెనేమో, లెక్క కట్టినవారు లేరు.

కాబట్టి పూర్వపు బడినుండి తీసికొనవలసినది రెండు: ఇసుకలోని వ్రేలు, తోడివాని సాయము. విడువవలసినదియు రెండు: అర్థము లేని వల్లె, భయము. 1907 లో రోము నగరమున పేదల పేటలో బాలగృహమును స్థాపించిన మారియా మాంటిస్సోరి అను వైద్యురాలు, గరుకు కాగితముతో చేసిన అక్షరములపై పిల్లలచేత వ్రేలు త్రిప్పించి వ్రాత నేర్పెను. కన్నుకంటె ముందు చేయి నేర్చునని ఆమె చెప్పిన సూత్రము ఇసుకలో ఓనమాలు దిద్దిన జాతికి వింతగా తోపదు. ఆమె 1939 లో మదరాసుకు వచ్చి, అడయారులోని దివ్యజ్ఞాన సమాజమునందు ఉపాధ్యాయులకు శిక్షణ గఱపెను. ప్రపంచ యుద్ధమువలన 1946 వఱకు ఈ దేశముననే యుండెను.

గుజరాతులో గిజుభాయి బధేకా అను న్యాయవాది తన వృత్తిని విడిచి, భావనగరమున 1920 లో బాలమందిరమును స్థాపించెను. ‘పగటికల’ యను అర్థమిచ్చు ‘దివాస్వప్న’ మను ఆయన పుస్తకమున ఒక ఉపాధ్యాయుడు నాలుగవ తరగతిని ప్రయోగార్థము తీసికొనును. మొదటిదినమున పిల్లలను మౌనముగ కూర్చుండబెట్ట ప్రయత్నించి ఓడిపోవును. మఱునాడు కథ మొదలుపెట్టును, తరగతి కుదుటపడును. ఆ ఉపాధ్యాయుడు చేసిన ఇంకొక పనిని గ్రంథాలయ సభలో ప్రత్యేకముగ చెప్పవలెను. పిల్లలు ఎవరి పాఠ్యపుస్తకమును వారు కొనుటకు మాఱుగ, ఆ సొమ్మును ఒకచోట చేర్చి, పలువిధముల పుస్తకములు కొని, తరగతిలోనే గ్రంథాలయమును పెట్టించెను. ఒకే పుస్తకము నలుబది ప్రతులుండుటకంటె నలుబది పుస్తకములు ఒక్కొక్క ప్రతి యుండుట మేలని ఆయన యభిప్రాయము.

తెలుగుదేశమున ఈ విషయమును మూలమునుండి త్రవ్విన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. ఆయన 1863 ఆగస్టు 29 వ తేదీన శ్రీకాకుళ ప్రాంతమున జన్మించి, 1880 లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైరి. ఆ ప్రాంతపు కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకు గాని ఒడియాకు గాని సంబంధించినది కాదు. ముండా కుటుంబమునకు చేరినది. తెలుగు ఉపాధ్యాయుడు తెలుగులో పాఠము చెప్పినచో సవర బాలునకు అది గాలిచప్పుడువంటిదే. పంతులుగారు సవర భాష తెలిసిన యొకనిని ఇంట నుంచుకొని ఆ భాషను నేర్చి, సవర పిల్లల కొఱకు ఆ భాషలో వాచకములు వ్రాసి, తమ సొంత సొమ్ముతో బడులు పెట్టించిరి. మదరాసు ప్రభుత్వము ఆయనకు పారితోషికము నీయబూనగా, ఆ ద్రవ్యముతో సవరలకు బడి పెట్టుడని కోరిరి. ఆయన రచించిన సవర వ్యాకరణము 1931 లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938 లోను వెలువడినవి. 1940 లో ఆయన గతించిరి.

వాడుక భాషోద్యమము పండితుల వాగ్వాదముగనే పలువురు ఎఱుగుదురు. అది పుట్టినది బడిలో. ఈ శతాబ్దమునకు ముందటి శతాబ్దపు తొలి సంవత్సరములలో ఉత్తర సర్కారులలో పాఠశాలలను పరీక్షించుచుండిన జె. ఏ. యేట్సు అను ఇంగ్లీషు అధికారి, తెలుగు పిల్లలు మాటాడు భాష యొకటి, పుస్తకములోని భాష యొకటి యగుటకు కారణమేమని ప్రశ్నించెను. ఆ ప్రశ్న రామమూర్తి పంతులుగారిని, గురజాడ అప్పారావుగారిని, పి. టి. శ్రీనివాస అయ్యంగారిని కదలించినది. పంతులుగారు కావ్యములను ద్వేషించినవారు కారు. ప్రాచీన గ్రంథములను, శాసనములను తరచి చూచిన పండితులు. ఆఱేండ్ల బిడ్డ నాలుకమీద నున్న మాటతో చదువు మొదలు కావలెనని మాత్రమే వారి పట్టుదల. కావ్యభాష మేడ. మేడకు మెట్లుండవలెను. మొదటి మెట్టు బిడ్డ ఇంటి గుమ్మములోనే యుండవలెను.

ఆయన నాటిన విత్తు చాలకాలమునకు మొలకెత్తినది. 2004 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా అను ఎనిమిది భాషలలో పిల్లలకు మొదటి తరగతి పాఠములు ప్రారంభించెను. ఆ వాచకములు తెలుగులిపిలో అచ్చొత్తబడినవి. మొదట ఇంటిభాష, క్రమముగ తెలుగు అను ఏర్పాటు చేయబడినది. వీనిలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా భాషలు విశాఖ మన్యమున వినబడునవే.

ఇంతవఱకు భాష మాట. ఇక వేగము మాట. మూడవ తరగతిలో ఇరువదిమంది యున్నచో, అందఱును ఒకే దినమున ఒకే పాఠము ముగింతురనుట కాగితముమీది లెక్క. ఒకడు కూడికలయొద్ద ఆగియుండును. ఒకడు భాగహారము దాటియుండును. జిడ్డు కృష్ణమూర్తిగారు స్థాపించిన ఋషివ్యాలీ విద్యాసంస్థ మదనపల్లె సమీపమున నున్నది. ఆ సంస్థవారు 1980 తరువాతి దశాబ్దమున చుట్టుప్రక్కల పల్లెలలో చిన్న బడులు పెట్టి ఈ చిక్కును విప్పజూచిరి. ఒక్క ఉపాధ్యాయుడు, ఐదు తరగతులు. వారు పాఠ్యపుస్తకమును చిన్న చిన్న అట్టలుగా విడదీసిరి. ప్రతి అట్టమీద ఒక జంతువు బొమ్మయో, పక్షి బొమ్మయో గుర్తుగా నుండును. ఆ అట్టలు ఏ వరుసలో రావలెనో గోడమీద నిచ్చెనవలె గీయబడియుండును. పిల్లవాడు తానే నిచ్చెనలో తన మెట్టును చూచుకొని, తన అట్టను తీసికొని, తన జట్టులో కూర్చుండి పనిచేయును. పరిచయము, అభ్యాసము, పరీక్ష. తప్పినవానికి మరల సాధన. నెగ్గినవానికి అదనపు పని. జ్వరము వచ్చి వారము దినములు మానినవాడు తిరిగివచ్చి, ఆగినచోటనుండియే నడచును. అతనిని విడిచి తరగతి ముందుకు పోదు. అతని కొఱకు తరగతి ఆగదు. ఈ పద్ధతిని చూచి తమిళనాడు ప్రభుత్వము 2003 లో చెన్నపట్టణపు నగరపాలక పాఠశాలలలోను, 2007 నాటికి రాష్ట్రమంతటను తనదైన రూపమున ప్రవేశపెట్టినది.

ఈ విషయమున పొగడ్త యొక్కటియే చాలదు. బ్రిటిషు ప్రభుత్వ సహాయముతో 1980 తరువాతి దశాబ్దమున మొదలై, అటుపై రాష్ట్రమంతట వ్యాపించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము ఆఱు సూత్రములను ఉపాధ్యాయులకు బోధించినది. పిల్లలు చేయదగిన పనులను ఉపాధ్యాయుడే కల్పించుట, చేసి, పరీక్షించి, కనుగొని నేర్చునట్లు చేయుట, ఒంటరిగ, జట్టుగ, తరగతి మొత్తముగ పనిచేయించుట, పిల్లల భేదములను గమనించుట, పరిసరములను వినియోగించుట, పిల్లల పనితనమును ప్రదర్శించి తరగతిగదిని కళకళలాడించుట. ఆఱును మంచివే. కాని ఆఱింటిలో సులభమైనది కడపటిది. గోడలకు బొమ్మలు వ్రేలాడినవి. పిల్లలు గుండ్రముగ కూర్చుండిరి. పెక్కు తావుల పాఠము మాత్రము పూర్వమువలెనే సాగినది. పిల్లవాడు ఏమి నేర్చెనని అడుగక, ఏమి అంటించెనని చూచిన తనిఖీలు ఇట్టి ఫలమునే యిచ్చును. బాలకేంద్ర విద్యకు కొలత గోడ కాదు. బిడ్డ తాను చదువని పుస్తకమును చేతికిచ్చినపుడు చదివి, అర్థము చెప్పగలడా యన్నదియే కొలత.

పెద్దలు సాధారణముగ చెప్పు ఆక్షేపణలు మూడు.

మొదటిది, దెబ్బ లేనిదే విద్య రాదనుట. భయము పిల్లవానిని కదలకుండ కూర్చుండబెట్టగలదు. అందుకు సందేహము లేదు. కాని కదలకుండ కూర్చుండుట విద్య కాదు. భయపడిన బాలుడు మొట్టమొదట నేర్చుకొనునది తనకు తెలియని సంగతిని దాచుట. తెలియదని చెప్పినచో దెబ్బ పడును గనుక ప్రక్కవాని పలకను చూచి వ్రాయును. ఉపాధ్యాయునకు వాని లోపము తెలియనే తెలియదు. రోగమును వైద్యునికి తెలియనీయని మందు ఏమి మందు? 2009 నాటి బాలల విద్యాహక్కు చట్టము 17 వ విభాగమున శారీరక దండనను, మానసిక హింసను నిషేధించినది. పిల్లవానికి భయము తొలగవలెననియు, పనులద్వారా, అన్వేషణద్వారా నేర్వవలెననియు, వీలైనంతవఱకు మాతృభాషలో బోధింపవలెననియు 29 వ విభాగమున చెప్పినది. ఇది 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న చట్టము. ఇష్టమున్నవారు పాటించుటకు, లేనివారు మానుటకు ఇది సలహా కాదు.

రెండవది, కంఠపాఠము కూడదా యని. శతకపద్యము నోటికి రాని తెలుగు బాల్యము వెలితియే. ఎక్కాలు నోటికి రానివాడు సంతలో మోసపోవును. ధారణను బాలకేంద్ర విద్య కాదనదు. ముందు అర్థము, పిదప ధారణ అను వరుసను మాత్రము కోరును. ఏడు మూడులు ఇరువదియొకటి యని పాడుటకు ముందు, చింతగింజలను ఏడేసి చొప్పున మూడు కుప్పలు పోసి లెక్కించినవానికి ఎక్కము జీవితాంతము నిలుచును. మఱచినను తానే మరల కట్టుకొనగలడు. వట్టి పాటగా నేర్చినవాడు నడుమ తప్పినచో మరల మొదటినుండి పాడవలసినదే.

మూడవది, ఇదంతయు పట్టణపు బడులకు, డబ్బున్నవారికి తగునను మాట. సత్యము దీనికి విరుద్ధము. మాంటిస్సోరి మొదలుపెట్టినది పేదవారి పిల్లలతో. రామమూర్తి పంతులుగారు మొదలుపెట్టినది కొండ గూడెములలో. ఋషివ్యాలీవారి అట్టలు పుట్టినది ఒక్క ఉపాధ్యాయుడున్న పల్లెబడిలో. ఇంట చదువు చెప్పువారున్న పిల్లవాడు చెడ్డబడిలోనైనను ఎట్లో గట్టెక్కును. ఇంట అక్షరము లేని పిల్లవానికి బడి తప్ప దిక్కు లేదు. ఆ బడి వానిని చూడకున్నచో వానిని చూచువారు లేరు.

ఇప్పుడు ఈ గ్రామపు సంగతి. కృష్ణదేవిపేట మన్యపు వాకిట నున్నది. మైదానపు తెలుగును కొండభాషలును ఈ త్రోవలో కలిసికొనును. గూడెమునుండి వచ్చిన బిడ్డ బడిలో మౌనముగ కూర్చుండును. బుద్ధి లేదని ఒకరు, సిగ్గని ఒకరు అందురు. అదే బిడ్డ అడవిలో ఏ తీగకు దుంప ఊరునో, ఏ ఆకు పసరు పుండును మాన్పునో, ఏ పక్షి ఏ ఋతువులో వచ్చునో చెప్పగలడు. అడ్డాకులను నూఱేసి కట్టలుగ కట్టగలడు; కొండచీపుళ్లు బేరమాడు తల్లి ప్రక్కన నిలిచి చిల్లర సరిచూడగలడు. అంతటి లెక్క వచ్చినవానికి పుస్తకములోని లెక్క రాలేదన్నచో, ఆ రెండు లెక్కలకు నడుమ వంతెన లేదన్నమాట. ఆ వంతెన కట్టుటయే ఉపాధ్యాయుని పని. అడ్డాకుల కట్టలతో గుణకారము చెప్పవచ్చును. అఱువదియాఱడుగుల త్రాటితో, అనగా సర్వేవారి గొలుసు పొడవుతో, బడి ఆవరణలో నలుచదరము కొలిపింపవచ్చును. అది సరిగా పది సెంట్లగును. అట్టివి పది కూడినచో ఎకరము. ఐదవ తరగతి పిల్లవాడు ఈ కొలత ఒక్కమాఱు నడచి చూచినచో, పెద్దవాడై తన తండ్రి పట్టాలోని విస్తీర్ణమును ఇతరులచేత చదివించుకొన నక్కఱలేదు.

చరిత్ర పాఠమునకు ఈ గ్రామము ఎక్కడికిని పోనవసరము లేదు. 1922 ఆగస్టు 22 వ తేదీన అల్లూరి సీతారామరాజుగారి దళము చింతపల్లి పోలీసు ఠాణాను, 23 న కృష్ణదేవిపేట ఠాణాను, 24 న రాజవొమ్మంగి ఠాణాను ముట్టడించినది. 1924 మే 7 వ తేదీన కొయ్యూరు ప్రాంతమున రాజుగారు కాల్చివేయబడిరి. వారి సమాధి ఈ గ్రామముననే యున్నది. ఇతర గ్రామముల పిల్లలు బస్సులెక్కి వచ్చి చూచు స్థలము ఇది. ఈ గ్రామపు పిల్లలు మాత్రము ఆ తేదీలను పరీక్ష కొఱకు వల్లించి, సమాధి ప్రక్కగ ఆడుకొనుచు పోవుదురు. పాఠమును, స్థలమును కలుపు ఒక్క ఉదయము చాలును. పిల్లలు తామే మూడు ఠాణాల పటము గీయవలెను. మూడు దినములలో మూడు ఊళ్లు కాలినడకన ఎట్లు చేరిరో దూరము కొలిచి చూడవలెను. ముఠాదారులు, అడవి చట్టములు, పోడు, రోడ్డుపని కూలి అను మాటలకు అర్థము ఇంట తాతల నడిగి వ్రాసికొని రావలెను. అట్లు నేర్చిన చరిత్ర పరీక్ష ముగిసినను పోదు.

బడి ప్రభుత్వముది, ఉపాధ్యాయులు వారి పని చేయుదురు, గ్రంథాలయమునకు ఇందేమి పని యనరాదు. బడి చేయలేని పనులు కొన్ని గ్రంథాలయము చేయగలదు.

పిల్లల పుస్తకములు తాళమువేసిన బీరువాలో పై అరలో నుండరాదు. ఆఱేండ్ల బిడ్డ చేతికందు ఎత్తున తెఱచిన అర యొకటి కావలెను. పుస్తకము చిరుగునను భయము విడువవలెను. చదివి చిరిగిన పుస్తకము ఖర్చు కాదు. చదువక నిలిచిన పుస్తకమే ఖర్చు.

వారమునకొక సాయంకాలము కథాశ్రవణము జరుపవలెను. పెద్దలలో కథ చెప్పగలవారు పలువురు కలరు. గూడెముల పెద్దలను పిలిచి వారి భాషలో వారి కథలు చెప్పించినచో, మౌనముగ కూర్చుండు బిడ్డ ఆ దినమున తలయెత్తును. ఆ కథలను తెలుగులిపిలో వ్రాసి, పిల్లలచేత బొమ్మలు వేయించి కుట్టినచో, అంగడిలో దొరకని పుస్తకములు ఈ గ్రంథాలయమున చేరును. పై తరగతుల పిల్లలు చిన్నవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదివించుటకు ఒక గంట కేటాయింపవలెను. ఆండ్రూ బెల్ మదరాసులో చూచి మెచ్చిన పని కృష్ణదేవిపేటలో జరుగుటకు అడ్డమేమున్నది?

కడపట, తలిదండ్రులకు ఒక్క మాట. సాయంకాలము ఇల్లు చేరిన బిడ్డను ఎన్ని మార్కులు వచ్చినవని అడుగుట పరిపాటి. దానికి ముందు, ఈ దినమున బడిలో నీవు ఏమి అడిగితివి అని ప్రశ్నింపవలెను. ప్రశ్న పుట్టిన బిడ్డకు విద్య త్రోవ దొరకినట్లే. నచికేతుడు యముని వాకిట మూడు దినములు వేచియుండి సంపాదించినది ప్రశ్నించు హక్కే. ఆ హక్కును ఈ గ్రామపు బిడ్డ ఒకటవ తరగతిలోనే పొందుటకు పెద్దలు, ఉపాధ్యాయులు, గ్రంథాలయము వారు చేయి కలిపినచో, ఈ రజతోత్సవము సార్థకమగును. ఆ బిడ్డలే పెద్దవారై స్వర్ణోత్సవమును జరుపుదురు.

గ్రామమునకు విద్యాభివృద్ధి, గ్రంథాలయమునకు చిరాయువు కలుగుగాక. స్వస్తి.